గ్రాఫ్ టూల్ బాగుందో లేదో తెలియాలంటే ముందు రంగు మార్చి చూడండి

అబ్సిడియన్‌లో నోట్స్ రాసుకునేవాళ్లకి గ్రాఫ్ వ్యూ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. నోట్స్ రెండు మూడొందలు దాటాక ఆ బటన్ నొక్కితే చుక్కలూ గీతలూ కలిసి సాలెగూడులా తెరుచుకుంటాయి. స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టుకునేంత అందంగా ఉంటుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఈసారి తెరిచినప్పుడు దాని సెట్టింగ్స్ ప్యానెల్ కూడా ఒకసారి చూడండి. ఫిల్టర్స్, గ్రూప్స్, డిస్‌ప్లే, ఫోర్సెస్ అని భాగాలుంటాయి. గ్రూప్స్‌లోకి వెళ్లి ఒక ట్యాగ్‌కి నారింజ రంగు ఇవ్వండి. ఆ ట్యాగ్ ఉన్న చుక్కలన్నీ నారింజకి మారతాయి, ఒక్కటి కూడా ఉన్న చోటు నుంచి కదలదు. ఇప్పుడు ఫోర్సెస్‌లో రిపెల్ ఫోర్స్ స్లైడర్ జరపండి. చుక్కలన్నీ ఒకదానికొకటి దూరం జరుగుతాయి, రంగులు మాత్రం అలాగే ఉంటాయి.

ఇందులో వింతేముంది అనిపించొచ్చు. కానీ అన్ని టూల్స్ ఇలా ఉండవు. నా ఉద్యోగంలో గ్రాఫ్ బొమ్మలతో రోజూ పని. ఏ సర్వీస్ ఏ సర్వీస్‌ని పిలుస్తోంది, ఏ డేటాబేస్ మీద ఎవరు ఆధారపడ్డారు, ఇలాంటివి. కొత్త టూల్ చేతికొస్తే నేను పెట్టే మొదటి టెస్ట్ ఇదే. రంగు మారిస్తే ఏదైనా కదిలిందా? అమరిక మారిస్తే రంగులు పోయాయా? రెండింటికీ ‘లేదు’ అని వస్తేనే ముందుకెళ్తాను.

ఒక్క మాట. గ్రాఫ్ అంటే ఇక్కడ ఎక్సెల్‌లో వేసే బార్ చార్ట్ కాదు. కొన్ని నోడ్స్, వాటిని కలిపే ఎడ్జెస్, అంతే. ఫ్రెండ్స్ లిస్ట్, రోడ్లు, కోడ్‌లో ఒకదాన్నొకటి పిలుచుకునే ఫంక్షన్లు, అన్నీ ఇందులోకే వస్తాయి.

ఒకే మెట్రో, మూడు పొరలు

హైదరాబాద్ మెట్రోనే తీసుకుందాం. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా రెడ్ లైన్, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా బ్లూ లైన్, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా గ్రీన్ లైన్. రెడ్, బ్లూ అమీర్‌పేటలో కలుస్తాయి. రెడ్, గ్రీన్ ఎంజీబీఎస్‌లో. బ్లూ, గ్రీన్ పరేడ్ గ్రౌండ్ దగ్గర. ఇది డేటా. కాగితం మీద లిస్టులా రాసినా, ఫోన్‌లో ఎవరికైనా చెప్పినా మారదు. బొమ్మతో దీనికి పనే లేదు.

ఇప్పుడు స్క్రీన్ మీద అమీర్‌పేటని ఎక్కడ పెట్టాలి? భూమ్మీద నిజంగా ఎక్కడుందో లెక్కవేసి పెట్టాలా, లేక లైన్లు తిన్నగా కనిపించేలా సర్దాలా? ఇది రెండో పొర, కూర్పు. లండన్ అండర్‌గ్రౌండ్ మ్యాప్‌లో హ్యారీ బెక్ మార్చింది దీన్నే. 1933లో ఆ మ్యాప్ జనంలోకి వచ్చింది. స్టేషన్లు పాతవే. లైన్లకి వేరే వేరే రంగులు అంతకుముందు మ్యాపుల్లోనూ ఉన్నాయి. ఆయన నిజమైన దూరాల్ని పక్కనపెట్టి గీతలన్నిటినీ అడ్డంగా, నిలువుగా, 45 డిగ్రీల వాలుగా సర్దారు. ఆ ఒక్క మార్పుతోనే మ్యాప్ చదవడం సులువైపోయింది.

మూడో పొర రూపం. గీత ఎంత మందం, స్టేషన్ గుర్తు గుండ్రమా చతురస్రమా, ఏ ఫాంట్, ఏ రంగు.

రంగు దగ్గరే ఒక తిరకాసు ఉంది. మన మెట్రోలో లైన్ పేరే రంగు. ‘రెడ్ లైన్’ అన్నప్పుడు ‘రెడ్’ రూపమా, డేటానా? నా ఉద్దేశంలో డేటానే. ఆ లైన్‌ని నలుపు తెలుపు ప్రింటర్‌లో తీసినా దాని పేరు రెడ్ లైనే కదా. అందుకే ఫైల్‌లో ఎడ్జ్ పక్కన ‘రంగు: ఎరుపు’ అని రాయకూడదు. ‘లైన్: రెడ్’ అని రాయాలి. తర్వాత వేరే చోట ఒక రూల్: లైన్ విలువ రెడ్ అయితే ఎర్రగా గీయి. ప్రింట్‌కి పంపేటప్పుడు ఆ రూల్ ఒక్కటి మార్చి ‘రెడ్ అయితే చుక్కల గీత’ అంటే సరిపోతుంది. రెడ్ లైన్‌లో ఉన్న 27 స్టేషన్ల మధ్య గీతల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని మార్చక్కర్లేదు.

కనిపించని గీత చేసే నష్టం

గ్రాఫ్‌విజ్ గురించి ఇప్పుడు కాస్త నిష్ఠూరంగా మాట్లాడాలి. నిజానికి నాకు బాగా ఇష్టమైన టూల్ ఇది. 1990ల మొదట్లో ఏటీ అండ్ టీ బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది, ఇప్పటికీ ఎన్నో సాఫ్ట్‌వేర్‌ల లోపల నిశ్శబ్దంగా పనిచేస్తోంది. డాట్ అనే చిన్న భాషలో ‘మియాపూర్ నుంచి జేఎన్‌టీయూ’ అన్నట్టు ఒక్కో లైన్‌లో ఒక్కో సంబంధం రాస్తే చాలు, ఎక్కడ పెట్టాలో అదే చూసుకుంటుంది. కూర్పు కోసం వేరే వేరే ఇంజిన్లున్నాయి: మెట్లుమెట్లుగా పేర్చేది డాట్, స్ప్రింగులు కట్టినట్టు సర్దేది నీటో, గుండ్రంగా పెట్టేది సర్కో. అదే ఫైల్‌ని ఏ ఇంజిన్‌కైనా ఇవ్వొచ్చు. ఇంతవరకూ భేష్.

చిక్కు ఎక్కడొస్తుందంటే, నోడ్ పక్కన బ్రాకెట్‌లో అన్నీ కలిపి రాసేయొచ్చు. రంగు, ఆకారం, ఫాంట్, ఎవరి పక్కన ఎవరుండాలి, అన్నీ ఒకే సంచిలో. అలవాటైపోతే జనం ఒక ట్రిక్ వాడతారు. రెండు నోడ్స్ దగ్గరికి రావట్లేదనుకోండి, వాటి మధ్య లేని ఎడ్జ్ ఒకటి రాసి, దాని స్టైల్ ‘ఇన్విజిబుల్’ అని పెడతారు. ఇంజిన్ ఆ ఎడ్జ్‌ని లెక్కలోకి తీసుకుని నోడ్స్‌ని సర్దుతుంది, బొమ్మలో మాత్రం కనిపించదు. ఫోరమ్‌లలో ఈ సలహా కొన్ని వందల సార్లు చూసి ఉంటాను.

ఒక్కసారి ఆలోచించండి. కూర్పులో చిన్న సర్దుబాటు కోసం డేటాలో అబద్ధం రాశాం, ఆ అబద్ధాన్ని రూపంతో కప్పెట్టాం. మూడు పొరలూ ఒకే లైన్‌లో చెడిపోయాయి. మన మెట్రో ఫైల్‌లో రాయదుర్గం, మియాపూర్ పక్కపక్కన రావాలని అలాంటి గీత ఒకటి పెట్టామనుకోండి. బొమ్మ బాగానే వస్తుంది. రేపు ఇంకెవరో అదే ఫైల్‌ని తీసుకుని దారి వెతికే ప్రోగ్రామ్ రాస్తారు. వాళ్ల ప్రోగ్రామ్ స్టైల్ చూడదు, ఎడ్జెస్ మాత్రమే చదువుతుంది. రాయదుర్గం నుంచి మియాపూర్‌కి డైరెక్ట్ ట్రైన్ ఉందని చెప్పేస్తుంది. ఆ రూట్‌లో రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్లకి వినడానికి హాయిగానే ఉంటుంది గానీ, ఎక్కడానికి ట్రైన్ ఉండదు. ఈ అవసరానికి గ్రాఫ్‌విజ్‌లోనే సరైన దారి ఉంది. డాట్ ఇంజిన్‌తో గీస్తున్నప్పుడు రెండు నోడ్స్‌నీ ‘ఒకే వరస’ అని ఒక మాటలో చెప్పొచ్చు. కూర్పు కోరిక కూర్పులాగే రాసుకోవచ్చన్నమాట.

ఫోన్ వేడెక్కేది ఎందుకంటే

వేరుగా ఉంచడం శుభ్రత కోసమే కాదు, దీనికి బ్యాటరీ లెక్క కూడా ఉంది. అబ్సిడియన్ లాంటి చోట చుక్కలు సర్దుకునే పద్ధతిని ఫోర్స్ డైరెక్టెడ్ లేఅవుట్ అంటారు. ప్రతి నోడ్ మిగతా అన్ని నోడ్స్‌నీ నెట్టేస్తుంది, ఎడ్జెస్ స్ప్రింగుల్లా దగ్గరికి లాగుతాయి. 1000 నోడ్స్ ఉంటే జతలు 4,99,500. ఒక్కో అడుగులో అన్ని జతలకీ లెక్క కట్టాలి, అలాంటి అడుగులు వందల్లో ఉంటాయి. బార్న్స్-హట్ అనే పద్ధతి దూరంగా ఉన్న నోడ్స్‌ని గుంపుగా లెక్కేసి ఈ భారం బాగా తగ్గిస్తుంది. అయినా పని పనే. రంగు మార్చడానికి మాత్రం 1000 చుక్కల్ని మళ్లీ గీస్తే చాలు, ఫోన్ జీపీయూకి అది లెక్కలోకే రాదు.

కానీ డార్క్ మోడ్ బటన్ నొక్కగానే గ్రాఫ్ మొత్తం ఎగిరిపడి మళ్లీ సర్దుకునే వెబ్ యాప్స్ మీరూ చూసే ఉంటారు. బ్యాక్‌గ్రౌండ్ నల్లగా మారినందుకు లక్షల లెక్కలు మళ్లీ చేయిస్తున్నారు. చార్జింగ్ పోతే పోయింది. అసలు బాధ ఏంటంటే, ‘డేటాబేస్ ఎడమవైపు కింద ఉంటుంది’ అని మీ కంటికి అలవాటైన గుర్తు పోతుంది. మళ్లీ వెతుక్కోవాలి. అబ్సిడియన్‌ని పొగిడాను కాబట్టి దాని లోపం కూడా చెప్పాలి: గ్రాఫ్ వ్యూని తెరిచిన ప్రతిసారీ సిమ్యులేషన్ మళ్లీ మొదటినుంచి నడుస్తుంది. నిన్న చూసిన చోట ఇవాళ ఆ నోట్ ఉండకపోవచ్చు.

గ్రాఫ్‌విజ్‌లో దీనికి పాత చిట్కా ఒకటుంది. ఒకసారి లేఅవుట్ నడిపి, నోడ్స్ స్థానాలతో సహా ఫైల్ దాచుకుని, తర్వాత నుంచి నీటోని మైనస్ ఎన్ ఆప్షన్‌తో నడిపితే ఉన్న స్థానాలనే వాడుకుని గీస్తుంది. రంగులు ఎన్నిసార్లు మార్చినా ఏదీ కదలదు.

జీవశాస్త్రం వాళ్లు ముందే కనిపెట్టారు

ఈ విభజన విషయంలో నాకు బాగా నచ్చిన సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామర్ల కోసం చేసింది కాదు. సైటోస్కేప్ అని, 2003లో దాని పేపర్ వచ్చింది. ప్రోటీన్లు, జీన్లు ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేస్తాయో చూడ్డానికి తయారుచేశారు. వాళ్ల అవసరమే అలాంటిది. నెట్‌వర్క్ ఒకటే, దాని మీద ప్రయోగాలు చాలా. మొదటి ప్రయోగంలో ఏ జీన్ ఎంత చురుగ్గా ఉందో రంగులో చూపించాలి, రెండో ప్రయోగానికి అదే నెట్‌వర్క్ మీద వేరే రంగులు రావాలి. మధ్యలో నోడ్స్ కదిలిపోతే రెండింటినీ పోల్చడం ఎలా? ఒకే ఎక్స్‌రేని రెండుసార్లు తీసి ఎముకల్ని అటూ ఇటూ మార్చినట్టుంటుంది.

అందుకే దాని స్టైల్ ప్యానెల్‌లో ప్రతి లక్షణానికీ మూడు గళ్లుంటాయి. మొదటిది డీఫాల్ట్. రెండోది మ్యాపింగ్: డేటాలోని ఏ కాలమ్‌ని బట్టి ఈ రంగో సైజో నిర్ణయించాలి. విభాగాలకి ఒకరకం, పెరుగుతూ తగ్గుతూ ఉండే అంకెలకి ఒకరకం, ఉన్న విలువని ఉన్నట్టే చూపించడానికి ఇంకోరకం. మూడోది బైపాస్. ఈ ఒక్క నోడ్‌కి మాత్రం రూల్ పక్కనపెట్టి నేను చెప్పిన రంగు వెయ్యి అనడానికి.

ఈ బైపాస్ దగ్గరే డిజైన్ చేసినవాళ్ల తెలివి కనిపిస్తుంది. చేత్తో రంగు వేయాలన్న కోరిక అందరికీ ఉంటుంది, దాన్ని ఆపలేం. ఆపకుండా దానికో గడి ఇచ్చారు. ఎక్కడెక్కడ రూల్ తప్పామో ఆ గడిలో కనిపిస్తుంది, కావాలంటే తీసేయొచ్చు, కింద రూల్ చెక్కుచెదరకుండా ఉంటుంది.

అలాంటి గడి లేకపోతే ఏమవుతుందో మా టీమ్‌లో చూశాను. నేను చేరేటప్పటికే ఒక ఆర్కిటెక్చర్ బొమ్మ ఉండేది, డ్రాగ్ అండ్ డ్రాప్ టూల్‌లో చేత్తో గీసింది. నలభై పైచిలుకు బాక్సులు, వాటిలో ఏడు ఎర్రవి. ఎందుకు ఎర్రవో రాసిలేదు. గీసినాయన అప్పటికే కంపెనీ మారిపోయారు. ‘అవి పాత సర్వీసులు, తీసేయాల్సినవి’ అన్నారు ఒకరు. ‘కాదు, పేమెంట్ డేటా తాకేవి’ అన్నారు ఇంకొకరు. మొదటి అర్థం నిజమైతే తీసెయ్యొచ్చు, రెండోది నిజమైతే అస్సలు ముట్టుకోకూడదు. సర్వర్లు తగ్గించే పని నెత్తిమీద ఉంది. చివరికి నేనూ ఇంకో సహోద్యోగీ కూర్చుని ఏడింటి కోడూ చదివాం, రెండు రోజులు పట్టింది. అయిదు నిజంగానే పేమెంట్ డేటా తాకుతున్నాయి. మిగతా రెండూ ఎందుకు ఎర్రగా ఉన్నాయో ఇవాళ్టికీ తెలీదు.

తర్వాత ఆ బొమ్మని సైటోస్కేప్ జేఎస్‌లోకి మార్చాం. వెబ్ పేజీల కోసం ఉన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ అది. దాన్ని మొదలుపెట్టేటప్పుడే ఎలిమెంట్స్, స్టైల్, లేఅవుట్ అని మూడు వేరువేరు చోట్ల రాయాలి, స్టైల్ రాసే పద్ధతి సీఎస్‌ఎస్‌లాగే ఉంటుంది. ఇప్పుడు ప్రతి సర్వీస్ పక్కన ‘పేమెంట్ డేటా: అవును’ లేదా ‘కాదు’ అని ఉంటుంది. రంగు రూల్‌లో ఉంటుంది. మా లీడ్‌కి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలీదు. ఆ సంగతి బయటపడ్డ రోజు రూల్‌లో రెండు రంగులు తీసేసి, వర్ణాంధత్వం ఉన్నవాళ్లకీ తేడా తెలిసేలా ఒకాబె, ఇటో అనే ఇద్దరు జపాన్ శాస్త్రవేత్తలు రూపొందించిన పాలెట్ నుంచి నీలం, నారింజ పెట్టాం. అయిదు నిమిషాల పని. ఏ బాక్సూ కదల్లేదు, ఎవరూ మళ్లీ గీయలేదు.

గోడ ఎక్కడ కారుతుంది

ఇన్ని చెప్పాక, రూపం వేరు, కూర్పు వేరు అని గోడ కట్టేస్తే పని అయిపోతుందనుకోకండి. కొన్ని లక్షణాలు రెండు వైపులా కాలు పెడతాయి. రంగు మంచిది, దేన్నీ జరపదు. సైజు అలా కాదు. గ్రాఫ్‌విజ్‌లో ఫాంట్ సైజు పెంచండి, లేబుల్ పట్టేలా నోడ్ పెద్దదవుతుంది, పక్కవి జరగాలి, మొత్తం బొమ్మ మారుతుంది. బాక్స్ ఆకారాన్ని ఎలిప్స్‌గా మార్చినా అంతే. అదే పేరు కోడిగుడ్డు ఆకారంలో పట్టాలంటే ఎక్కువ చోటు కావాలి.

మంచి టూల్స్ ఈ కారుడుని దాచకుండా ఒక స్విచ్‌గా ఇస్తాయి. గెఫీలో అపియరెన్స్, లేఅవుట్ అని రెండు ప్యానెళ్లు వేర్వేరుగా ఉంటాయి. కానీ ఫోర్స్ అట్లాస్ 2 లేఅవుట్‌లో ‘ప్రివెంట్ ఓవర్‌ల్యాప్’ అని టిక్ ఉంటుంది. అది పెడితేనే నోడ్ సైజుని లెక్కలోకి తీసుకుంటుంది. సైటోస్కేప్ జేఎస్‌లో కూడా లేబుల్‌ని నోడ్ సైజులో భాగంగా లెక్కించాలా వద్దా అని ఒక ఆప్షన్ ఉంది. ఎప్పుడు కలపాలో నిర్ణయం మన చేతిలో ఉంటుంది. గెఫీ వాడే జీఈఎక్స్‌ఎఫ్ ఫైల్ ఫార్మాట్ మీద మాత్రం నాకో చిన్న అలక ఉంది. రంగు, సైజు వివరాల్ని డేటా నుంచి విడదీసి వేరే మాడ్యూల్‌లో పెట్టారు, బాగుంది. నోడ్ స్థానాన్ని కూడా తీసుకెళ్లి రంగు పక్కనే పడేశారు.

తెలుగులో లేబుల్స్ పెట్టేవాళ్లకి ఈ కారుడు మరీ ఎక్కువ. ‘ఉస్మానియా మెడికల్ కాలేజ్’ అని నోడ్ మీద తెలుగులో రాసి గ్రాఫ్‌విజ్‌లో ఎస్‌వీజీ తీయండి. మీ లాప్‌టాప్‌లో ఉన్న ఫాంట్‌తో వెడల్పు కొలిచి బాక్స్ గీస్తుంది. ఆ ఎస్‌వీజీని ఫ్రెండ్ ఫోన్‌లో తెరిస్తే అక్కడ అదే ఫాంట్ ఉండకపోవచ్చు. బ్రౌజర్ తన దగ్గరున్న ఇంకో తెలుగు ఫాంట్ వేస్తుంది, అక్షరాలు బాక్స్ దాటి బయటికొస్తాయి. ‘లక్డీకాపూల్’లో ఒత్తు కింది గీతని తాకుతుంది. కూర్పు అయిపోయిన తర్వాత రూపం మారింది కాబట్టి ఇలా జరుగుతుంది, టూల్ చేయగలిగింది లేదు. పంపించడానికే అయితే పీడీఎఫ్ లేదా పీఎన్‌జీ తీయండి. ఎస్‌వీజీయే కావాలంటే నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్‌ని ఎంచుకుని, గీసే మెషీన్‌లోనూ చూపించే పేజీలోనూ అదే లోడ్ అయ్యేలా చూసుకోండి. మార్జిన్ కాస్త ఎక్కువ ఇవ్వండి.

ఎవరికి ఏది

రీడ్‌మీలోనో డాక్యుమెంట్‌లోనో చిన్న బొమ్మ చాలనుకుంటే మెర్మెయిడ్. గిట్‌హబ్ 2022 నుంచి దాన్ని నేరుగా చూపిస్తోంది. నోడ్స్‌కి క్లాస్ పేరు ఇచ్చి రంగుని క్లాస్‌కి రాయండి. ఒక్కో నోడ్‌కి తెల్లటి ఫిల్ చేత్తో రాశారో, డార్క్ మోడ్‌లో తెల్ల బాక్సులో తెల్ల అక్షరాలు చూడాల్సొస్తుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌లో వేల నోడ్స్ ఉంటే గెఫీ. మీ సొంత వెబ్ యాప్‌లో పెట్టాలంటే సైటోస్కేప్ జేఎస్. స్క్రిప్ట్‌తో రోజూ ఆటోమేటిగ్గా బొమ్మలు రావాలంటే గ్రాఫ్‌విజ్‌ని మించింది నాకు ఇంకా దొరకలేదు, కనిపించని గీతల జోలికి పోకుండా ఉంటే.

ఇవన్నీ ఉచితం, ఓపెన్ సోర్స్. అబ్సిడియన్ కూడా ఉచితమే గానీ ఓపెన్ సోర్స్ కాదు. ఇన్‌స్టాల్ చేయకుండా ముందు రుచి చూడాలంటే మెర్మెయిడ్‌కి లైవ్ ఎడిటర్, గెఫీకి గెఫీ లైట్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. మెర్మెయిడ్ ఫోన్‌లో కూడా పర్లేదు. గెఫీ లైట్‌కి మాత్రం లాప్‌టాప్ దగ్గరికి వెళ్లండి. ఆరంగుళాల స్క్రీన్ మీద బొటనవేలితో ఒక్క నోడ్ పట్టుకోబోతే నాలుగు తగులుతాయి.